గొల్లకావడి కింద మసక

దీపాలు పెట్టే వేళ దాటితే మా అక్కకు కళ్ళు కనిపించేవి కావు. చిన్నప్పటి నుంచీ అంతే. బయట వెలుగు తగ్గడం మొదలైతే చాలు, గోడ పట్టుకుని నడిచేది. నేను పరుగెత్తుకెళ్ళి చెయ్యి అందించేవాణ్ణి. నా చిన్నతనంలో అది నాకొక ఆట. "అక్కా, గడప" అని లేనిచోట గడప ఉందని చెప్పేవాణ్ణి. ఆమె కాలు పైకెత్తి గాలిలో వేస్తే పగలబడి నవ్వేవాణ్ణి. ఆమె కూడా నవ్వేది. అందరూ రేచీకటి అన్నారు. అమ్మ బతికున్నన్నాళ్ళూ మా ఇంట్లో పొన్నగంటికూర, మునగాకు, మళ్ళీ పొన్నగంటికూర. ఆ ఆకులు తినీ తినీ నా చూపు పిల్లి చూపయింది గానీ అక్కకు ఏమీ మారలేదు.

పగటి సంగతి వేరు. పగలు ఆమెకు కనిపించినట్టు మద్రాసులో ఇంకెవరికీ కనిపించదని నా నమ్మకం. ఆమె చేసే పని అలాంటిది. మా బావ పాండీబజారులో చిన్న ఫోటో స్టూడియో నడిపేవాడు. పెళ్ళయిన కొత్తలోనే ఆమెకు టచ్చింగ్ నేర్పాడు. ఆ రోజుల్లో ఫోటో గాజు ప్లేటు మీద పడేది. ప్లేటులో అంతా తిరగబడి ఉంటుంది, తెల్లనిది నల్లగా, నల్లనిది తెల్లగా. కిటికీ దగ్గర ఒక ఏటవాలు బల్ల, దాని నడుమ గరుకు అద్దం, అడుగు నుంచి వెలుగు. ఆ అద్దం మీద ప్లేటు నిలబెట్టి, భూతద్దంలోంచి చూస్తూ, సూదిమొనలా చెక్కిన పెన్సిలుతో మొటిమలూ, అమ్మవారు పోసిన మచ్చలూ, కళ్ళ కింద గుంటలూ పూడ్చాలి. నుదుటి మీద జిడ్డు మెరిస్తే అది ప్లేటులో నల్లటి మరకగా కనిపిస్తుంది. దాన్ని సన్నటి కత్తితో గీకి పల్చన చేయాలి. కాస్త ఎక్కువ గీకితే పెళ్ళికూతురి నుదుట బెజ్జం పడుతుంది. అక్క చేతిలో ఒక్క ప్లేటూ పాడవలేదు. పెళ్ళయిన ఆరో ఏట బావ టైఫాయిడ్‌తో పోయాడు. స్టూడియో ఇంకొకరి చేతికి వెళ్ళింది. పని మాత్రం ఆమెను వెతుక్కుంటూ ఇంటికే వచ్చింది.

అప్పటికి మేమిద్దరమే. కోడంబాక్కం స్టేషనుకు దగ్గర్లో, ఒక సినిమా స్టూడియో గోడను ఆనుకుని ఉన్న ఇంట్లో కాపురం. నేనొక ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్‌ని. మద్రాసు ఎవరిదన్న గొడవ చల్లారి, నా తోటి తెలుగువాళ్ళు సగం మంది పెట్టెలు సర్దుకుని కొత్త రాజధాని కర్నూలుకు పోయారు. నేను పోలేదు. అక్క పని ఇక్కడ ఉంది కదా అని అందరితో చెప్పాను. నిజానికి ఆమె లేకుండా నాకు అన్నం కూడా వండుకోవడం రాదు.

నాది ముక్కు మీద కోపం. అది ముందే చెప్పడం మంచిది.

ఒక వేసవిలో అక్క పట్టపగలే తలుపు రెక్కకు కొట్టుకోవడం మొదలుపెట్టింది. పక్కన పెట్టిన మంచినీళ్ళ చెంబు తన్నేది. ఎదురుగా ఉన్నది సూదైనా కనిపిస్తుంది, పక్కనున్నది బిందెయినా కనిపించదు. కంటి ఆస్పత్రికి తీసుకెళ్ళాను. పెద్ద డాక్టరు కళ్ళలో మందు వేసి, చీకటి గదిలో కూర్చోబెట్టి చాలాసేపు చూశాడు. తర్వాత ఆమె వైపు చూడకుండా నాతో ఇంగ్లీషులో చెప్పాడు. ఇది ఆకుకూరలతో పోయే రేచీకటి కాదట. చూపు అంచుల నుంచి లోపలికి మూసుకుంటూ వస్తుందట. మందు లేదు. రెండేళ్ళు పట్టొచ్చు, నాలుగేళ్ళు పట్టొచ్చు.

"ఏమంటుండాడురా?" అంది అక్క, నా మొహం వైపు చూస్తూ.

"కళ్ళకు బలం చాలదంట. కాడ్‌లివర్ నూనె తాగమంటున్నాడు" అన్నాను.

ఆ మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు తెలియదు. దారిలో మందుల షాపులో సీసా కొన్నాను. అది చేప నూనె అని కూడా చెప్పలేదు. పుట్టి బుద్ధెరిగి గుడ్డు కూడా ముట్టని మనిషి, రోజూ పొద్దున్నే ముక్కు మూసుకుని ఒక చెంచా తాగేది. తాగి, "కొంచెం తేటగా ఉన్నట్టుండాది అబ్బయ్యా" అనేది. నేను పేపరు అడ్డం పెట్టుకునేవాణ్ణి.

ఆ చలికాలమే నాకు దూరదర్శిని పిచ్చి పట్టింది. ఎవరో దొర పోతూ పోతూ అమ్ముకున్న ఇత్తడి గొట్టం ఒకటి మూర్ మార్కెట్టులో కనిపించింది. చివర కొబ్బరిచిప్పంత కటకం. నిలబెట్టే స్టాండు విరిగి ఉంటే నేనే బొమ్మ గీసుకుని వడ్రంగి చేత చేయించాను. మొదటి వారం చందమామ గుంటలు చూశాను. తర్వాత గొల్లకావడి వైపు తిప్పాను. వరసగా మూడు చుక్కలు, కావడిబద్దలాగా. వాటి కింద చిన్న చుక్కల తోక ఒకటి వేలాడుతుంది. ఆ తోక నడుమ చుక్క కాని చుక్క ఒకటి ఉంది. కంటికి అద్దం మీద ఊదిన ఆవిరిలా కనిపిస్తుంది. సూటిగా చూస్తే మాయమవుతుంది, పక్కకు చూస్తే ఉంటుంది. అది చుక్క కాదనీ, వెలిగే మబ్బనీ, ఆ మబ్బులో చుక్కలు పుడతాయనీ ఎగ్మూరు లైబ్రరీలో ఒక ఇంగ్లీషు పుస్తకంలో చదివాను. ఇంగ్లీషులో నెబ్యులా. మాకు మాత్రం అది మబ్బే.

అక్కను చెయ్యి పట్టుకుని మిద్దె మీదికి తీసుకెళ్ళాను. గొట్టానికి కన్ను ఆనించి చాలాసేపు నిలబడింది.

"ఏం కనపడతా ఉంది?"

"నల్లగా ఉండాది."

"ఇంకొంచెం ఆగు. కన్ను అలవాటు పడాల."

ఇంకొంచెం ఆగింది. ఊపిరి కూడా బిగబట్టింది. "నల్లగానే ఉండాదిరా" అంది, తప్పు తనదైనట్టు.

అప్పుడు తెలిసింది నాకు. మా అక్క ముప్పై నాలుగేళ్ళ బతుకులో చందమామను తప్ప రాత్రి ఆకాశంలో ఇంకో వస్తువును చూడలేదు. చిన్నప్పుడు వాకిట్లో మంచాలేసుకుని నేను గొల్లకావడి, పిల్లలకోడి అని చుక్కలు చూపిస్తూంటే "అవునురా, అవునురా" అనేది. అవన్నీ నాకోసం అన్న మాటలు. గొట్టానికి గుడ్డ కప్పి, ఆమె చెయ్యి పట్టుకుని మెట్ల వైపు నడిపించాను.

మెట్లు దిగుతూ ఆమే అంది. "ఫోటో అయితే పగలు చూడొచ్చు గదరా."

ఇక నాకు వేరే ధ్యాస లేదు. ఆమె చూపు మూసుకుపోయేలోగా ఆ మబ్బును ప్లేటు మీదికి దించాలి, పట్టపగలు ఆమె బల్ల మీద పెట్టాలి. డాక్టరు మాట ఆమెకు తెలియకుండానే ఇది జరిగిపోవాలి. నాకు కావలసింది ఇంతే.

అంతటితో ఊరుకుంటే బాగుండేది. లైబ్రరీ పుస్తకంలో ఆ మబ్బు బొమ్మ ఒక పేజీ నిండా ఉంది. అమెరికాలో ఎక్కడో కొండ మీద ఇల్లంత దూరదర్శినితో తీసినది. రెక్కలు చాపిన గద్దలాగా, అలలు అలలుగా. ఆ బొమ్మను నేను అక్కకు వారం రోజులు వర్ణించాను. చేతులు చాపి చూపించాను.

"అంత పెద్దదా?"

"అంత పెద్దది."

"అంత దూరం నించి అదంతా మన ప్లేటు మీద ఎట్టా పడుతుందిరా?"

"పడుతుంది, నువ్వు చూస్తూ ఉండు" అన్నాను. పక్కింటి అరవ మామికి కూడా చెప్పిందట, మా తమ్ముడు ఆకాశాన్ని ఫోటో తీస్తుండాడని. నాకేమో ఒళ్ళు పొంగింది.

బావ పాత కెమెరాకు లెన్సు ఊడదీసి, ఆ కెమెరాను గొట్టం వెనక బిగించాను. చుక్కలు ఒక చోట నిలవవు, మెల్లగా పడమటికి జారతాయి. కాబట్టి గొట్టం కూడా వాటితో పాటు జరగాలి. దానికొక మరచుట్టు. పక్కనే ఇంకో చిన్న గొట్టంలోంచి ఒక చుక్కను చూస్తూ, అది అడ్డుగీతల నడుమ నుంచి కదలకుండా ఆ మర తిప్పుతూ ఉండాలి, ఇరవై నిముషాలు. గొట్టంలో అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి బిగించే ఆ గీతలకు అక్క తల దువ్వుకున్నాక దువ్వెనలోంచి రెండు వెంట్రుకలు తీసిచ్చింది. నా జుట్టు పొట్టి, పనికిరాలేదు.

మొదటిసారి ఇరవై నిముషాలూ కళ్ళు నీళ్ళు కారేదాకా మర తిప్పాను. స్నానాలగదిలో ఎర్రదీపం పెట్టుకుని ప్లేటు కడిగితే గాజుపలకలా తేటగా బయటికొచ్చింది. వెలుగు తగలకుండా ప్లేటు ముందుండే రేకుపలక లాగడం మరిచిపోయాను. అక్క పొట్ట పట్టుకుని నవ్వింది. "మొగానికి ముసుగేసి ఫోటో తీస్తివే!"

రెండోసారి పలక లాగాను. ఎలక్ట్రిక్ ట్రెయిన్ సంగతి మరిచాను. అది స్టేషనులోకి వస్తే మా మిద్దె వణుకుతుంది. ప్లేటు మీద ప్రతి చుక్కా చిన్నపిల్లలు పలక మీద గీసిన పిచ్చిగీతలా వచ్చింది. అప్పటి నుంచి రైళ్ళ వేళలు కంఠతా పట్టి, బండి వినిపించగానే గొట్టం మూతికి అట్ట అడ్డం పెట్టడం నేర్చుకున్నాను.

మూడోసారి గోడ అవతల సినిమావాళ్ళు అడ్డం పడ్డారు. ఆ పూట అక్కడ ఎవరో హీరో వెన్నెల్లో పాట పాడుతున్నాడట. ఆ వెన్నెల కోసం వెలిగించిన ఆర్క్ లైట్లు నా ఆకాశాన్ని తెల్లగా చేసేశాయి. ప్లేటు మొత్తం మాడిపోయింది. కోపం పట్టలేక గోడ మీది నుంచి అరిచాను. అటు నుంచి అంతకంటే గట్టిగా, అచ్చమైన మద్రాసు భాషలో జవాబొచ్చింది.

ఇంకో సంగతి, మద్రాసు నీళ్ళు. జనవరి దాటితే కుళాయిలో వచ్చే వెచ్చటి నీళ్ళకే ప్లేటు మీది మందుపూత మెత్తబడి జారిపోతుంది. అలా రెండు ప్లేట్లు పోయాయి. అక్క మట్టికుండలో చల్లబెట్టిన నీళ్ళు నాకోసం విడిగా ఉంచేది. పొద్దున్నే నింపి తడిగుడ్డ చుట్టేది.

ఫిబ్రవరి ఆఖరుకు గొల్లకావడి చీకటి పడేసరికే నడినెత్తి దాటి పడమటికి వాలుతోంది. ఇంకో నెల పోతే స్టూడియో చెట్ల వెనక్కి పోతుంది. మళ్ళీ మార్గశిరం దాకా దొరకదు. ఒక శుక్రవారం గోడ అవతల లైట్లు లేవు. గాలి లేదు. రెండు బండ్లకు అట్ట అడ్డం పెట్టాను. మొత్తం ఇరవై అయిదు నిముషాలు. ప్లేటు కుండనీళ్ళలో కడిగి ఎర్రదీపం ముందు పెట్టి చూస్తే, చుక్కలు. నల్లగా, గసగసాల్లా, గుండ్రంగా. వాటి నడుమ ఒక నల్లటి మసక, పెసరగింజంత.

స్నానాలగదిలో ఒక్కణ్ణే నేల మీద కూర్చుండిపోయాను. అంత సంతోషం నాకు మళ్ళీ ఎప్పుడూ కలగలేదు. అక్కను లేపలేదు. ఎర్రదీపం వెలుగులో ఆమెకు ఏమీ కనిపించదు. పొద్దున్న చూపిద్దామనుకున్నాను.

పొద్దున్న లేచేసరికి ఎండెక్కింది. శనివారం కూడా ఆఫీసు ఉండేది. అక్క కూరగాయలకు వెళ్ళింది. ఆరిన ప్లేటు కిటికీకి ఎత్తి పట్టుకుని రెండు నిముషాలు చూశాను. మసక ఉంది, చాలు. బండికి వేళవుతోంది. దుమ్ము పడని చోటు ఇల్లంతటికీ ఒక్కటే, అక్క బల్ల పక్కనున్న చెక్క చట్రం. స్టూడియో ప్లేట్లన్నీ అందులోనే వరసగా నిలబడి ఉంటాయి. దాన్ని కూడా వాటి చివర నిలబెట్టి పరుగెత్తాను. సాయంత్రం వచ్చి, కళ్ళు మూసి, కూర్చోబెట్టి చూపించాలని నా ఆలోచన.

ఆ చట్రంలో ఉన్న ప్లేటంటే మా ఇంట్లో అర్థం ఒకటే. ఎనిమిదేళ్ళుగా అక్క అందులోంచి వరసగా ప్లేట్లు తీస్తుంది, ఉన్న మరకలు తీసేస్తుంది, తిరిగి పెడుతుంది. ఎవరి ప్లేటని అడగదు. ఈ సంగతి నాకు తెలియనిది కాదు. ఆ రెండు నిముషాల్లో తట్టలేదు.

సాయంత్రం అయిదున్నరకు ఇంటికొచ్చాను. ఇంకా మంచి ఎండ. అక్క గుమ్మంలోనే ఎదురు చూస్తోంది. మొహం వెలిగిపోతోంది.

"నీ ప్లేటు చూసినానురా! మబ్బు రాలేదులే, పరవాలే, ఇంకోసారి వస్తుంది. చుక్కలు మటుకు భలే వచ్చినాయి. చుక్కలు ఇట్టా ఉంటాయా! నడాన ఒక మరక పడి పాడు చేసింది. నువ్వు హైపో మందు పోయేదాకా సరిగా కడగలే. పొద్దన నించి అదే పని, స్టూడియోవోళ్ళ ప్లేట్లు కూడా పక్కన పెట్టేసినా. తీసేసినా చూడు. ఒక్క చుక్క పోలేదు."

ప్లేటు చేతికిచ్చింది. ఎండకు ఎత్తి పట్టుకున్నాను. చుక్కలన్నీ ఉన్నాయి. నడుమ, మసక ఉన్న చోట, ఏమీ లేదు. గీకిన గుర్తు కూడా లేదు. అంత నేర్పుగా చేసింది. మబ్బు మీద పడిన చుక్కల్ని సైతం వదిలి, వాటి చుట్టూ గీకింది.

"అదే మబ్బు" అన్నాను.

"ఏది?"

"నువ్వు గీకిందే."

ఆమెకు వెంటనే అర్థం కాలేదు. నవ్వు ఇంకా మొహం మీదే ఉంది. "పోరా. అది ఇంతే ఉండె. పెసరగింజంత. నువ్వు ఇంత పెద్దదంటివే" అని, నేను చూపించినట్టే చేతులు చాపింది.

ఆ చాపిన చేతులు చూసి నాకు ఒళ్ళు మండింది. నా గొప్పల్ని నాకే ఎత్తి చూపించినట్టయింది. తప్పు నాదని అప్పటికే తెలుసు, అందుకే కోపం రెట్టింపయింది. ఏమేమి అన్నానో అన్నీ గుర్తులేవు. గుర్తున్నది ఒక్కటే. "మార్గశిరం దాకా మళ్ళీ రాదు అది! అప్పటికి నీకు కళ్ళుంటాయో లేదో ఎవరికి తెలుసు? పోతాయని డాక్టరు చెప్పనే చెప్పినాడు! పోయేలోపల చూపించాలనే గదా నేను చచ్చేది!"

ఆమె చేతులు కిందికి దిగాయి.

నేను కూడా ఆగిపోయాను. గదిలో ఎంత వెలుగుందో నాకు ఇప్పటికీ గుర్తే. అక్క మెల్లగా బల్ల దగ్గరికి వెళ్ళి, గీకుడు కత్తిని గుడ్డతో తుడిచి డబ్బాలో పెట్టింది. పెన్సిళ్ళు పెట్టింది. భూతద్దం పెట్టింది. అంతా అయ్యాక, నా వైపు తిరక్కుండా అడిగింది.

"మరి ఆ నూనె ఎందుకు తాగిస్తివిరా?"

ఆ రోజు చీకటి పడ్డాక ఆమె గోడ పట్టుకుని వంటింట్లోకి వెళుతుంటే లేచి చెయ్యి అందించాను. పట్టుకుంది. పట్టుకోకుండా ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది. అన్నం పెట్టింది, మజ్జిగ పోసింది. మరునాడు పొద్దున కాఫీ ఇస్తూ "ఎన్నాళ్ళంట?" అని అడిగింది. చెప్పాను. "సరి" అంది. సీసాలో నూనె ఇంకా సగం ఉంది. అది పెరట్లో పారబోసి, సీసా కడిగి బోర్లించింది.

ఆమె ఏడవలేదు. నాకు కనిపించేలా ఏడవలేదు. పని మానలేదు, ఇంకా ఎక్కువ తెప్పించుకుంది. కానీ మధ్యమధ్యలో చూడ్డం మొదలుపెట్టింది. చీర అంచు పట్టుకుని చూసేది. చేట్లో కందిపప్పు చూసేది. ఒకసారి నా మొహం రెండు చేతులతో పట్టుకుని వెలుగు వైపు తిప్పి, ప్లేటును చూసినట్టే చూసింది. "గడ్డం కింద ఈ మచ్చ ఎప్పటిదిరా?" అంది.

మార్గశిరం వచ్చింది. ఒక ఆదివారం ఆమే ఎత్తింది. "మళ్ళా తియ్యరా. చట్రంలో పెట్టబాక, నా చేతికియ్యి. ఈసారి ముట్టనులే." నవ్వుతూనే అంది.

తీయలేదు నేను. ఇది రాయడానికే ఇన్నేళ్ళు పట్టింది. ఆమె ప్లేటు గీకడం తెలియక జరిగింది, నేను నోరు పారేసుకోవడం కోపంలో జరిగింది. ఇది అలా కాదు. తెలిసి తెలిసి, మూడు చలికాలాలు తీయలేదు. గొట్టం మీద చెయ్యి వేస్తే చాలు, నేనన్న మాట నాకే వినిపించేది. మబ్బులన్నాను. మంచు అన్నాను. కటకానికి బూజు పట్టిందన్నాను. ఆఫీసులో పని ఎక్కువన్నాను. రెండో ఏడు కూడా అడిగింది. మూడో ఏడు, "ఆకాశం తేటగా ఉందని మామి చెప్పింది" అని ఊరుకుంది. నేను పేపరు చదువుకుంటున్నాను. ఆ మూడేళ్ళూ ఆమెకు ఎదురుగా ఉన్నది కనిపిస్తూనే ఉంది. ప్లేటు పట్టేంత చూపు ఉంది, పెసరగింజ పట్టేంత చూపు ఉంది. నా సిగ్గు నాకు ముఖ్యమైంది.

నాలుగో ఏడు ఆమె స్టూడియోవాళ్ళకు కబురు పంపి, చట్రంలో మిగిలిన ప్లేట్లు వెనక్కి ఇచ్చేసింది. ఒక పెళ్ళికొడుకు చెంప మీద పెన్సిలు జారిందట. ఎవరూ పట్టుకోలేదు గానీ ఆమె పట్టుకుంది.

రష్యావాళ్ళు ఆకాశంలోకి గోళం వదిలిన రోజులవి. సందకాడ మద్రాసంతా మిద్దెలెక్కి "అదిగో, అదిగో" అని వేళ్ళు చూపించేది. మా మిద్దె మీదికి కూడా పక్కిళ్ళవాళ్ళు వచ్చారు. అక్క కూడా వచ్చి, అరుపులు వినిపించిన వైపు తల తిప్పింది. మరునాడు మధ్యాహ్నం, కిటికీ దగ్గర కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. అప్పటికి వేళ్ళతోనే తీసేది.

"రేయ్, ఆ మబ్బు ఎట్టుంటుందో చెప్పు."

నేను లైబ్రరీ బొమ్మ మొదలుపెట్టాను. రెక్కలు, అలలు.

"ఆ పుస్తకంలోది కాదు. నువ్వు తీసినావే, అదీ."

గుర్తు తెచ్చుకున్నాను. తడి ప్లేటు, ఎర్రదీపం, పొద్దున్న రెండు నిముషాలు. "గుండ్రంగా, మసగ్గా ఉండింది. అంచులన్నీ పల్చగా..."

"గుండ్రం యాడిది?" అంది అక్క. చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉంది. "ఒక పక్క కొరికినట్టు లోపలికి పోయి ఉండె. ఆ కొరికిన కాడ అంచు గట్టిగా, గీత గీసినట్టుండె. ఆడ కత్తి రెండుసార్లు మొండికేసింది. రెండో పక్క అంచే లేదు. యాడ అయిపోతుందో తెలీకుండా పల్చనైపోతా, పల్చనైపోతా పొయ్యేది. అయిపోయిందనుకుంటే ఇంకా రవంత ఉండేది. నాకు పగలంతా పట్టింది దానికే. మరకలు అట్టుండవే అనుకుంటా ఉండినా." ఈనె తీసి పక్కన పెట్టింది. "పైతట్టున విడిగా చిన్న బొట్టు ఇంకొకటి. అది కూడా తీసేసినా."

నేనూ ఒక చిక్కుడుకాయ తీసుకున్నాను.

"చూసినానురా నేను" అంది. "అదేనని తెలీకుండా చూసినా, అంతే." నేనున్న వైపు తల తిప్పి అడిగింది. "సరిగా చెప్పినానా?"

"అచ్చం అట్టాగే ఉండిందక్కా" అన్నాను.

నేను దాన్ని సరిగ్గా చూడనే లేదు.